సంచలనం ఎవరిది?

2021 ఆగస్టు 2, సోమవారం. కరోనా రెండో విడత ఇంకా పూర్తిగా తగ్గని రోజులు. బళ్ళు తెరవలేదు. నేను పాచిపెంటలో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. పిన్ని ముప్ఫై ఏళ్ళపాటు గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరయింది. సాలూరులో ఇల్లు కట్టుకోమని అందరూ చెప్పినా వినకుండా ఇక్కడే ఉండిపోయింది. హాస్టళ్ళు మూసేశాక కొండల మీది ఊళ్ళకి వెళ్ళిపోయిన పిల్లల్లో కొందరు సంతకో, రేషనుకో కిందికి దిగినపుడు టీచరమ్మ ఇంట్లో కాసేపు కూర్చుని వెళ్ళేవాళ్ళు. ఆ పొద్దున నలుగురు ఆడపిల్లలు వచ్చారు. ఎనిమిదిన్నరకి టీవీలో ఆట మొదలైంది. టోక్యో ఒలింపిక్స్ మహిళల హాకీ క్వార్టర్ ఫైనల్. ఒకవైపు ఆస్ట్రేలియా, రెండోవైపు మనవాళ్ళు.

ఆ నలుగురికీ హాకీ తెలీదు. నాకు మాత్రం ఏమంత తెలుసు? బంతి ఎటు పోతే అటు కళ్ళు తిప్పుతూ కూర్చున్నాం. కాసేపటికి వాళ్ళలో చిన్నది, పదమూడేళ్ళుంటాయేమో, తెర మీద పరుగెత్తుతున్న ఒక అమ్మాయిని చూపించి అడిగింది.

"మేడం, ఈ పాప మన కొండోల్ల పిల్లలాగున్నాది గదా. ఏ వూరంట?"

ఆ పాప సలీమా టెటె. ఊరు జార్ఖండ్‌లో సిమ్‌డేగా జిల్లా. "చాలా దూరం. కానీ నువ్వన్నది నిజమే, ఆమె కూడా ఆదివాసీ అమ్మాయే" అన్నాను. పిల్ల కొంచెంసేపు ఆలోచించి మళ్ళీ అడిగింది.

"ఆల ఊర్ల గ్రౌండున్నాదేటి?"

ఈలోగా 22వ నిమిషంలో మనకి దొరికిన ఒకే ఒక్క పెనాల్టీ కార్నర్‌ని గుర్జీత్ కౌర్ గోలు చేసింది. ఆ పిల్ల ప్రశ్న కేకల్లో కొట్టుకుపోయింది. ఆ తర్వాత 38 నిమిషాలు ఆస్ట్రేలియా వాళ్ళు మన గోలు మీదికి వస్తూనే ఉన్నారు. వాళ్ళకి ఏడు పెనాల్టీ కార్నర్లు దొరికాయి. ఒక్కటీ లోపలికి పోలేదు. గోలు దగ్గర సవితా పునియా, ఆమె ముందు దీప్ గ్రేస్ ఎక్కా, నిక్కీ ప్రధాన్, మిగతా అమ్మాయిలు. ఆట ముగిసేసరికి 1-0. ఒలింపిక్స్‌లో భారత మహిళల హాకీ జట్టు సెమీఫైనల్ చేరడం అదే మొదటిసారి.

మర్నాడు పేపర్ల నిండా సంచలనమే. సంచలనం, పెను సంచలనం, అద్భుతం. నేను సాహిత్య విద్యార్థిని. నా పిహెచ్.డి. స్త్రీల ఆత్మకథల మీద. మాటలు ఎక్కడ పుట్టాయో, ఎవరి నోట్లోంచి వచ్చాయో వెతకడం నాకు అలవాటైన పని. అప్పటినుంచి ఈ సంచలనం అనే మాట నన్ను వదలడం లేదు. ఇంగ్లీషులో అండర్‌డాగ్ అంటారు. కుక్కల పోట్లాటలో కిందపడిన కుక్క. మన ఆటల పేజీలకి అంత మోటుమాట నచ్చలేదు కాబోలు, రెండు మెత్తటి మాటలు దొరకబుచ్చుకున్నాయి. ఒకటి పసికూన. రెండోది అనామక జట్టు. పసికూన అంటే ఇంకా పెద్దవాళ్ళ దయమీద బతకాల్సింది. అనామక అంటే పేరు లేనిది. ఆలోచించండి, ఏ జట్టుకైనా పేరు లేకుండా ఉంటుందా? అందులో ఆడే పదకొండుమందికీ తల్లిదండ్రులు పేర్లు పెట్టే ఉంటారు కదా. అవి రాసుకోనిది రాసేవాళ్ళు. రాసుకోనివాళ్ళ లోపం కాస్తా ఆడేవాళ్ళ లక్షణమైపోయింది. స్త్రీల చరిత్ర మీద పనిచేసేవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు 1986లో పుస్తకంగా వచ్చినపుడు దానికి 'మనకు తెలియని మన చరిత్ర' అని పేరు పెట్టారు. ఆ స్త్రీలకి తమ చరిత్ర తెలుసు. తెలియనిది మనకి.

అందుకే సంచలనం అనేది ఆడినవాళ్ళకి కలిగేది కాదని, అప్పటిదాకా అటువైపు చూడనివాళ్ళకి కలిగేదని నాకనిపిస్తుంది.

అయితే ఆ రోజు గెలుపులో ఆశ్చర్యమే లేదా అంటే, ఉంది. ఆస్ట్రేలియా ఆడవాళ్ళు 1988, 1996, 2000లలో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాళ్ళు. టోక్యో లీగ్ దశలో ఐదు ఆటలకి ఐదూ గెలిచారు. 13 గోల్స్ చేసి ఒక్కటే ఇచ్చారు. మనవాళ్ళేమో మొదటి మూడూ ఓడిపోయారు. నెదర్లాండ్స్ చేతిలో 1-5, జర్మనీ చేతిలో 0-2, బ్రిటన్ చేతిలో 1-4. నాలుగో ఆటలో, అదీ చివరి నిమిషాల్లో నవనీత్ కౌర్ చేసిన గోలుతో, ఐర్లండ్ మీద 1-0. ఐదో ఆటలో దక్షిణాఫ్రికా మీద 4-3. అందులో మూడు గోల్స్ వందనా కటారియావి. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారతీయ మహిళ ఆమె. అంతా చేసినా తలుపు తెరుచుకోలేదు. అదే రాత్రి బ్రిటన్ ఐర్లండ్‌ని ఓడించాకే నాలుగో స్థానంతో క్వార్టర్ ఫైనల్‌కి వెళ్ళారు.

ఇక్కడ నాకౌట్ అనే పద్ధతి గురించి కొంచెం చెప్పుకోవాలి. లీగ్‌లో బలమైనవాళ్ళ బలం నెమ్మదిగా బయటపడుతుంది. ఒకరోజు జారిపడినా మర్నాడు లేచి సర్దుకోవచ్చు. నాకౌట్‌లో ఆ వెసులుబాటు ఉండదు. ఆస్ట్రేలియాతో పదిసార్లు ఆడితే బహుశా ఏడెనిమిదిసార్లు వాళ్ళే గెలుస్తారు. కానీ ఆ పొద్దున ఆడేది ఒక్కసారే. పైగా హాకీలో గోల్స్ తక్కువ. వందల్లో పాయింట్లు వచ్చే ఆటల్లో తేడా దాగదు. ఒకటో రెండో గోల్స్‌తో తేలిపోయే ఆటలో మంచి గోల్‌కీపరు, చెదరని రక్షణ, చేతికందిన ఒక్క అవకాశం చాలు. ఏళ్ళ తరబడి వనరులు కూడబెట్టుకున్నవాళ్ళకీ అవి లేనివాళ్ళకీ మధ్య దూరం అరవై నిమిషాలపాటు చిన్నదవుతుంది.

మంచు మీద ఆడే హాకీలో, అమెరికా కాలేజీల మధ్య జరిగే పోటీల్లో, ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ కూడా ఒక్క ఓటమితో ఇంటిదారి పట్టాల్సిందే. 2006 మార్చిలో హోలీ క్రాస్ అనే చిన్న కాలేజీ కుర్రాళ్ళు, ఆ ఆటలో మహా పేరున్న మిన్నెసోటా విశ్వవిద్యాలయాన్ని అదనపు సమయంలో 4-3తో ఓడించారు. ఆ దేశంలో ఇలాంటి కథలకన్నిటికీ పెద్దక్క లాంటిది 1980 ఫిబ్రవరిలో జరిగింది. లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్ళతో కూడిన అమెరికా జట్టు, అజేయమనుకున్న సోవియట్ జట్టుని 4-3తో ఓడించింది. దానికి వాళ్ళు 'మంచు మీద అద్భుతం' అని పేరు పెట్టుకున్నారు. ఆ జట్టు అంతకుముందు వేసవి నుంచీ కలిసి సాధన చేసింది. ఒలింపిక్స్‌కి మూడు రోజుల ముందు అదే సోవియట్ జట్టు చేతిలో 3-10తో చిత్తుగా ఓడింది కూడా. ఆ ఓటమినీ ఆ నెలల చాకిరీనీ మర్చిపోతే తప్ప అద్భుతం అనే మాట నిలబడదు.

ఇంకోటి చూడండి. ఆ మంచు మీద ఆడవాళ్ళకి అద్భుతం చేసే వీలే లేదు. మహిళల ఐస్ హాకీకి ఒలింపిక్స్ తలుపు తెరుచుకున్నది 1998లో, జపాన్‌లోని నగానోలో. మైదానం హాకీలో మగవాళ్ళు 1908 నుంచి ఒలింపిక్స్ ఆడుతున్నారు. ఆడవాళ్ళ వంతు 1980లో మాస్కోలో వచ్చింది. అంటే 72 ఏళ్ళు ఆడవాళ్ళు పసికూనలు కూడా కాదు. అసలు గూట్లోకే రానివ్వలేదు.

ఆ మాస్కో కథ మన కథ కూడా. అఫ్ఘానిస్తాన్ మీద సోవియట్ దాడికి నిరసనగా అమెరికా, ఇంకా చాలా దేశాలు ఆ ఒలింపిక్స్‌కి రాలేదు. మహిళల హాకీలో ఖాళీలు ఏర్పడితే, ఆటలు కొన్ని వారాల్లో మొదలవుతాయనగా జింబాబ్వేని పిలిచారు. హడావుడిగా జట్టుని కూర్చుకుని వెళ్ళిన వాళ్ళు ఒక్క ఆట కూడా ఓడకుండా స్వర్ణం గెలిచారు. వాళ్ళతో 1-1తో సమంగా నిలిచిన జట్టు మనదే. మనవాళ్ళు ఆస్ట్రియానీ పోలండ్‌నీ ఓడించి, చెకొస్లొవేకియా, సోవియట్ జట్ల చేతుల్లో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. కెప్టెన్ ఎలైజా నెల్సన్. గెలిచి వస్తే ఒక్కొక్కరికి ఒక ఎద్దుని ఇస్తామని జింబాబ్వే జట్టుకి మాట ఇచ్చారని, తీరా వచ్చాక మాంసం పొట్లాలు చేతిలో పెట్టారని చెబుతారు. ఆడవాళ్ళకి ఇచ్చే బహుమతి దారిలో చిక్కిపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

ఈ కథ చదివినప్పుడల్లా నవ్వుకున్న నేను, ఒకసారి ఆ జట్టు ఫోటో చూసి ఆగిపోయాను. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే స్వతంత్రమైంది. నల్లవాళ్ళు అత్యధికులైన దేశం. ఆ బంగారు జట్టులో అందరూ తెల్ల స్త్రీలే. ప్రపంచమంతా పసికూన అని ముచ్చటపడ్డ ఆ జట్టు బయట, ఆట నేర్చుకునే క్లబ్బుల గేటు కూడా దాటని స్త్రీలు ఎంతమందో. అంటే పసికూన అనిపించుకోవడానికి కూడా ఒక అర్హత కావాలి. ముందు పోటీలో ఉండాలి. సంచలనాల చరిత్ర రాసేటప్పుడు మనం ఎప్పుడూ మర్చిపోయే సంగతి ఇది. స్త్రీలందరినీ ఒక్క గాటన కట్టి 'మహిళల విజయం' అని రాసినపుడు కూడా మర్చిపోతాం.

మన ఉత్తరాంధ్ర సంగతికే వద్దాం. శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. దేశం ఉలిక్కిపడింది. కానీ ఆమె 1994లోనూ 1995లోనూ ప్రపంచ ఛాంపియన్. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో చేర్చిందే 2000లో. చేర్చిన మొదటిసారే పతకం తెచ్చింది. తలుపు తెరవగానే లోపలికి వచ్చిన మనిషిని చూసి ఎక్కణ్ణుంచి ఊడిపడిందని అడిగితే ఏం చెప్పాలి? ఆమె ఆరేళ్ళుగా గుమ్మంలోనే ఉంది.

టోక్యో అమ్మాయిలు కూడా ఊడిపడలేదు. దీప్ గ్రేస్ ఎక్కాది ఒడిశాలోని సుందర్‌గఢ్. నిక్కీ ప్రధాన్‌ది జార్ఖండ్‌లోని ఖూంటీ. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకి మొదటి కెప్టెన్, తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతయిన జైపాల్ సింగ్ ముండాది కూడా ఖూంటీ ప్రాంతమే. మిషనరీ బడుల ద్వారా వచ్చిన హాకీ ఆ ఆదివాసీ పల్లెల్లో పండగల్లో, జాతరల్లో కలిసిపోయింది. వెదురు కర్రనే వంచి హాకీ కర్ర చేసుకుంటారు. ఖస్సీ టోర్నమెంట్లని ఊరూరా జరుగుతాయి. గెలిచిన జట్టుకి మేకపోతు బహుమతి. దానితో అందరికీ విందు. ఈ ఎద్దు మాత్రం దారిలో చిక్కిపోదు. ఆ ఊళ్ళ ఆటల్లో కంటబడిన ఆడపిల్లలు రాంచీలోని బరియాతు కేంద్రానికో, రూర్కెలాలోని పాన్‌పోష్ హాస్టల్‌కో, అలాంటి మరో చోటికో చేరతారు. సుమ్రాయ్ టెటె, అసుంతా లక్రా, జ్యోతి సునీతా కుల్లు ఈ దారిలో నడిచినవాళ్ళే. 2018 నుంచి భారత హాకీ జట్లకి ఒడిశా ప్రభుత్వం స్పాన్సరుగా ఉంటూ వచ్చింది. ఇంత కథ వెనక ఉంటే, సలీమా పరుగు ఎవరికి సంచలనం? సిమ్‌డేగాలో ఆమెతో ఖస్సీ ఆడినవాళ్ళకి కాదు గదా.

మరి మన తెలుగువాళ్ళు? షారుఖ్ ఖాన్ 'చక్‌దే ఇండియా' 2007లో వచ్చినపుడు అందులో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన నేత్రా రెడ్డి అనే పాత్ర ఉంది. ఆమెని తమిళమ్మాయి అనుకుంటారు. జార్ఖండ్ అమ్మాయిల పాత్రలకీ అలాంటి పరాయితనమే. ఆ సినిమాకి ప్రేరణ 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో మన అమ్మాయిలు ఇంగ్లండ్‌ని 3-2తో ఓడించి గెలిచిన స్వర్ణం. టోక్యో బృందంలో నిజంగానే ఒక తెలుగమ్మాయి ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాకి చెందిన ఎతిమరపు రజని. వడ్రంగి ఇంటి బిడ్డ. గోల్‌కీపర్. ఆ పొద్దున తెర మీద మేము ఆమెని చూడలేదు. ఆమె రిజర్వు. సవిత ఆపిన బంతుల వెనక, ఏళ్ళ తరబడి శిబిరాల్లో ఆమెతో పాటు సాధన చేసిన రెండో గోల్‌కీపర్ ఉంటుందని స్కోరుకార్డు చెప్పదు. ఆటకి ఎంపికైనవాళ్ళకి తప్ప ఎవరికీ అందులో గడి లేదు.

బయట కూర్చోవడం అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. ఆ 2002లోనే నేను ఎనిమిదో తరగతి. మాది విజయనగరం దగ్గర పల్లెటూరి బడి. మా ఖోఖో జట్టు ఆ ఏడు టౌను బడిని సెమీఫైనల్లో ఓడించింది. వాళ్ళకి బూట్లున్నాయి, బనీన్ల మీద నంబర్లున్నాయి. మేము లంగాలు దోపుకుని ఆడాం. మైకులో మా ఊరి పేరు తప్పు పలికారు. ఫైనల్ ఐదు రోజుల తర్వాత. మూడో రోజు నేను పెద్దమనిషినయ్యాను. చాప మీద, విడిగా, చిమ్మిలి తింటూ కూర్చున్నాను. మా నాయనమ్మ అంది: "ఇంక ఆటలేంటే, ఆడపిల్లవి కావూ." అదే మాటని అంతకుముందు రోజు వరకూ ఎవరూ అనలేదు. ఫైనల్లో మావాళ్ళు ఓడిపోయారు. నేనుంటే గెలిచేవాళ్ళమని అనను. చివరి పరుగు తీసేది నేనే అని మాత్రం అంటాను. తర్వాత ఎన్నో ఏళ్ళకి ఆత్మకథల మీద పనిచేస్తూ గమనించాను. నేను చదివిన వాటిలో చాలామందికి ఆట అనే మాట బాల్యం అధ్యాయంలోనే ఆగిపోతుంది. ఆగిపోయిందని కూడా రాయరు. తర్వాతి అధ్యాయంలో పెళ్ళి మొదలవుతుంది. గొప్ప జట్లని ఓడించిన ఎన్ని ఖోఖో జట్లు, చాపల మీద కూర్చున్న ఆడపిల్లల వల్ల రెండో ఆట ఓడిపోయి ఉంటాయో ఏ ఆటల పేజీ లెక్కగట్టింది?

గెలిస్తే మాయమయ్యేవి ఓడితే బయటికొస్తాయి. ఆగస్టు 4న సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడిపోయాం. ఆ సాయంత్రం హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిపోయిందని కులం పేరుతో తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు కేసు పెట్టారు. నాలుగు రోజుల ముందు మూడు గోల్స్ చేసినపుడు ఆమె భారత పుత్రిక. ఓడేసరికి ఆమె కులం గుర్తొచ్చింది. ఆగస్టు 6న వందన మళ్ళీ మైదానంలోకి దిగింది. బ్రిటన్‌తో కాంస్యం కోసం ఆట. 0-2 నుంచి 3-2కి వచ్చి చివరికి 3-4తో ఓడిపోయాం. ఆ మూడు గోల్స్‌లో ఒకటి వందనది. నాలుగో స్థానం. మాస్కోలో ఎలైజా నెల్సన్ జట్టు నిలిచిన స్థానమే.

సంచలనం రెండువైపులా పదునున్న కత్తి అని కూడా ఒప్పుకోవాలి. 2024 జనవరిలో పారిస్ ఒలింపిక్స్ అర్హత పోటీలు రాంచీలో జరిగాయి. సలీమా, నిక్కీల సొంత గడ్డ. ఈసారి మనం బలమైన జట్టు కింద లెక్క. సెమీఫైనల్లో జర్మనీ చేతిలో షూటౌట్‌లో ఓడి, మిగిలిన ఒక్క బెర్తు కోసం ర్యాంకుల్లో మనకన్నా కిందనున్న జపాన్‌తో ఆడాం. జనవరి 19న 0-1తో ఓడిపోయాం. పారిస్ తలుపు మూసుకుపోయింది. టోక్యోలో మన కోసం తెరుచుకున్నది కూడా ఈ ఒంటి రెక్క తలుపే. ఒక్క ఆటతో వచ్చింది ఒక్క ఆటతో పోతుంది. గెలుపుని అద్భుతం అన్నవాళ్ళు ఓటమిని శాపం అంటారు. రెండు మాటలకీ మధ్య, రోజూ పొద్దున్నే లేచి సాధన చేసే అమ్మాయిలు ఎవరికీ కనబడరు. ఆ ఏడాదే సలీమా జట్టుకి కెప్టెన్ అయింది.

ఇక పాచిపెంట. ఇక్కణ్ణుంచి ఘాట్ ఎక్కితే ఒడిశా, కోరాపుట్. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అదంతా విశాఖపట్నం జిల్లాయే. గీత గీసింది ఢిల్లీలోనో మద్రాసులోనో. కొండకి ఇటూ అటూ చుట్టరికాలు, సంతలు, భాషలు ఇప్పటికీ కలిసే ఉన్నాయి. సుందర్‌గఢ్ ఇక్కడికి దగ్గరేం కాదు, ఒడిశా మొత్తం దాటి పైకి వెళ్ళాలి. కాబట్టి రాష్ట్రం మారితే చాలు హాకీ వచ్చేస్తుందని నేనడంలేదు. కోరాపుట్‌లో పుట్టిన పిల్లకి కూడా సిమ్‌డేగా పిల్లకున్న వాతావరణం లేదు. నేననేది చిన్న సంగతి. ఇక్కడి పిల్లలు బలంలో ఎవరికీ తీసిపోరు. తలమీద బిందె, భుజాన చెల్లి, కాళ్ళకింద రాళ్ళదారి, అలా పెరిగినవాళ్ళు. ఆశ్రమ బడుల్లో ఒకదాంట్లో ఆటల పీరియడ్ వస్తే మగపిల్లలు బయటికి పోయేవాళ్ళని, ఆడపిల్లల్ని వంటశాల దగ్గర బియ్యం ఏరడానికి కూర్చోబెట్టేవాళ్ళని పిన్ని చెప్పింది. "నువ్వేం చేశావు?" అన్నాను. "వాళ్ళతోపాటు నేనూ ఏరాను" అంది. కాసేపాగి, "అప్పుడు తప్పనిపించలేదే" అంది. నేనూ ఏమీ అనలేకపోయాను. మైదానం నుంచి కొండకి వచ్చిన చదువుకున్న స్త్రీలం మేమిద్దరం. నన్ను చాపమీద కూర్చోబెట్టిన చేతుల్లాంటివే మా చేతులు కూడా.

2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల మొదటి టీ20 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. మన జట్టు నేపాల్‌ని ఏడు వికెట్ల తేడాతో ఓడించింది. బ్యాటింగ్‌లో గెలిపించినవాళ్ళలో ఒకరు ఒడిశా అమ్మాయి ఫూలా సరెన్. ఇంకొకరు మన పాడేరు కొండల అమ్మాయి పాంగి కరుణ కుమారి. ఆ టోర్నమెంటులో మనవాళ్ళు ఒక్క ఆటా ఓడలేదు కాబట్టి ఆ గెలుపుని సంచలనం అనడానికి వీల్లేదు. అయినా పేపర్లు అన్నాయి. కొండమీది ఆదివాసీ పిల్ల, అందునా చూపులేని పిల్ల, అక్కడ ఉండటమే వాళ్ళకి సంచలనం. నాకైతే ఆ వార్తలో ఎక్కువ ఆనందం కలిగించినది విశాఖలో ఆమె చదివే అంధుల బడి. ఎవరో ఒకరు ఆమెకి శబ్దం చేసే బంతినిచ్చి, పరుగెత్తడానికి చోటు చూపించారు. ఆ చోటు లేకపోతే గెలుపూ లేదు, ఓటమీ లేదు.

మొన్న డిసెంబరులో మళ్ళీ పాచిపెంట వెళ్ళాను. ఆ రోజు టీవీ చూసిన నలుగురి గురించి పిన్నిని అడిగాను. ఇద్దరికి ఇంటర్ పూర్తవకుండానే పెళ్ళిళ్ళయ్యాయి. ఒకమ్మాయి నర్సింగ్ చదువుతోంది. నన్ను ప్రశ్నలడిగిన చిన్నది సాలూరులో ఇంటర్ చదువుతోంది. సెలవులకి వచ్చి ఉంటే కబురు పెట్టాం. ఎత్తు పెరిగింది. సిగ్గుపడుతూ గుమ్మంలోనే నిలబడింది.

"ఆ ఆట గుర్తుందా నీకు?" అన్నాను.

"గుర్తునాది మేడం. గెలిసేరు గదా" అంది. తర్వాత, నేను అడక్కుండానే, "ఆ పాప పేరు సలీమా" అంది.

నాలుగేళ్ళ కిందట ఒక్కసారి విన్న పేరు. ఏ పేపరు ఎలా రాసినా, ఈ ఇంటి గుమ్మంలో మాత్రం ఆ జట్టు అనామక జట్టు కాదు. ఆ పిల్ల అడిగిన రెండో ప్రశ్నకి నేను ఆ రోజు జవాబు చెప్పలేదు. గోలు పడింది, కేకల్లో తప్పించుకున్నాను. ఈసారి కేకలేమీ లేవు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం కాసేపు వాకిట్లో నిలబడ్డాం. ఎదురుగా చోళ్ళు కోసేసిన చేను, చదునుగా, ఖాళీగా ఉంది.